కన్నం పూడ్చి వెళ్లిన నూకరాజు గారు

నూకరాజు గారు ఇక లేరన్న వార్త గరాచర్మ వెళ్లే బస్సులో ఉండగా ఫోనులో విన్నాను. దిగవలసిన చోట దిగకుండా ముందుకు వెళ్లిపోయాను. పోర్ట్ బ్లెయిర్‌లోని మా పాఠశాలలో ఆయన కంప్యూటర్ ఉపాధ్యాయులు, నేను తెలుగు పంతులమ్మను. ఏళ్ల తరబడి పక్క బల్ల వద్ద కూర్చున్న ఆ మితభాషి, ఆ నిరాడంబరుడు హఠాత్తుగా గుండె ఆగి పరమపదించారంటే మనసు ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం వారిది. ఆయన పుట్టిందీ, కన్ను మూసిందీ ఈ ఊరి బతు బస్తీలోనే. బడి అయ్యాక కంప్యూటర్ ముందు ఆయన ఏం చేసేవారో ఈ దీవుల్లో తెలిసినవారు దాదాపు లేరు. ఒక లైబ్రరీని సాకేవారు. "ఒక్క పుస్తకమైనా లేని లైబ్రరీకి మీరేం లైబ్రేరియన్ అండీ" అని నేను ఆటపట్టించేదాన్ని. ప్రోగ్రాములు రాసేవారికి మాటిమాటికీ అవసరమయ్యే పనిని ఒకరు రాసి, లోపలి రాతంతా కనిపించేలా, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా పెడితే అది ఓపెన్ సోర్స్ లైబ్రరీ అట. ఆయనది ఫొటోలను చిన్నవి చేసేది. ఎక్కడెక్కడి దేశాలవారో దాన్ని తమ పనుల్లో కలుపుకున్నారు. చూసుకునేది మాత్రం ఆయన ఒక్కరే. సందేహం వస్తే అడగడానికి మరో మనిషి లేక, స్టాఫ్ రూములో తనలో తానే గొణుక్కునేవారు. మేము నవ్వుకునేవాళ్లం.

ఆయన గుణం తెలియాలంటే పొట్లాల సంగతి చెప్పాలి. మెయిన్‌లాండ్‌కు షిప్పులో వెళ్లేవారి చేతికి ఇరుగుపొరుగువారు తమ బంధువుల కోసం పొట్లాలు ఇవ్వడం ఇక్కడి ఆచారం. ఎండుచేపలో, మందులో, పెళ్లి చీరో, లోపల ఏముందని అడగకూడదు. విప్పడం మహాపరాధం. నూకరాజు గారు విశాఖ వెళ్తున్నారంటే వీధి వీధంతా ఆయన గుమ్మంలో ఉండేది. తన బట్టలు తగ్గించుకుని మరీ మోసేవారు.

ఈ మధ్య ఎవరో అపరిచితుడు ఆయన లైబ్రరీలో కన్నం ఉందని మెయిల్ పెట్టాడు. వాడేవారు ఇచ్చిన ఫొటో పేరును ఆ ప్రోగ్రాం ఉన్నదున్నట్టు కంప్యూటర్‌కు అందించేది. దుర్బుద్ధి గలవాడెవడైనా ఆ పేరులోనే ఒక ఆజ్ఞను ఇరికిస్తే కంప్యూటర్ దాన్నీ శిరసావహించేది. ఫైళ్లన్నీ చెరిపెయ్యమంటే చెరిపేసేది. కమాండ్ ఇంజెక్షన్ అంటారట. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడి అన్న మాట ఇది: "మేడమ్, ఇచ్చిన పొట్లం ఖోల్‌కే చూడ్డం మనకి అలవాటు లేదు కదా. ప్రోగ్రాం కూడా అలాగే రాసేసినాను. గల్తీ నాదే." ఎందరో చేసే తప్పేనట. ఆయన మాత్రం పొట్లం మోసే మర్యాదతో చేశారు.

అప్పటికే గుండె పరీక్షలకు చెన్నై వెళ్లమని డాక్టర్లు చెప్పి ఉన్నారు. విమానమంటే ఆయనకు మొదటినుంచీ పడదు కనుక షిప్పు టికెట్ కొన్నారు. కన్నం సంగతి ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోగలిగేవారే. కానీ ఆయన లోకానికంతటికీ కనిపించేలా తప్పు తనదేననీ, సరిచేసేదాకా వాడవద్దనీ ప్రకటించారు. కొందరు తిట్టిపోశారు. ఇక్కడి ఇంటర్నెట్ సంగతి తెలిసిందే కదా, పని నత్తనడక నడిచింది. "తెరిచిపెట్టి పోలేను మేడమ్, వచ్చే షిప్పుకి పోతాను" అని టికెట్ మార్చుకున్నారు. ఆజ్ఞను వేరుగా, పేరును వేరుగా అందించేలా మార్చి, కొత్త ప్రతిని విడుదల చేశారు. ఆ వారమే పిల్లలకు చెప్పారు, "మనిషి ఇచ్చింది విప్పొద్దు, మెషీన్‌కి ఇచ్చేది విప్పకుండా ఇవ్వొద్దు" అని. వచ్చే షిప్పు హార్బరుకు చేరకముందే ఆయన వెళ్లిపోయారు.

ముందు షిప్పుకే వెళ్లి ఉంటే బతికేవారో లేదో డాక్టరు చెప్పలేకపోయాడు. ఆయన భార్య పోలమ్మ వదినకు మాత్రం కోపం చల్లారలేదు. "ఎవులి కోసం ఆగిపోనాడో ఆల పేర్లేనా మనకి తెల్దు కద, టీచరమ్మా" అంది. నాకూ కోపమే. ఎవరి మీదో తెలియదు.

దినకర్మలు ముగిశాక వదిన ఆయన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎవరో దూరదేశస్థుడు మెయిల్ రాశాడు. కొత్త ప్రతి బాగా పనిచేస్తోందట, కృతజ్ఞతలట. ఆ లైబ్రరీలోనే ఇంకొక చోట అలాంటి కన్నమే ఉన్నట్టుందట, వీలు చూసుకుని చూస్తారా అని అడిగాడు. చదివి చెప్పాను.

"ఇంక లేడని రాసెయ్యమ్మా. పాపం, సూస్తా కూకుంటాడు."

రాశాను. ఆయన మరణానికి ఈ దీవుల బయటినుంచి వచ్చిన సంతాపం ఒకే ఒక్కటి, ఆ మనిషి జవాబు. చింతిస్తున్నానని రాసి, కింద ఒక ప్రశ్న అడిగాడు: ఇక దాన్ని ఎవరు చూసుకుంటారు?

ఆ ప్రశ్నకు బదులు రాయగలిగినవారు మా మధ్య ఒక్కరే ఉండేవారు. ఆ మహనీయునికి నా అశ్రునమస్సులు.