అమ్మ నడిచిన వీడియో

మా చెల్లి మస్కట్‌లో నర్సు. అమ్మ కాలవ రేవులో జారి తుంటి విరగ్గొట్టుకున్నప్పటి నుంచి ఫోన్‌లో అది అడిగేది ఒక్కటే: "అమ్మ నడుస్తోందా, లేదా?" గోడ పట్టుకుని నిక్షేపంగా నడుస్తోందని చెప్పినా నమ్మదు. తుంటి విరిగినవాళ్లను రోజూ చూసే ఉద్యోగం దానిది. "కళ్లతో చూస్తేనే నమ్ముతాను. చూపించకపోతే ఉద్యోగం మానేసి వచ్చేస్తాను," అంది.

అప్పట్లో నాకు అమలాపురంలో నెట్ సెంటర్ ఉండేది. రాజోలులో ఒకాయనకి, కొత్తపేటలో ఇంకొకాయనకి కూడా ఉండేవి. ముగ్గురం కలిసి ఓ ఘనకార్యం తలపెట్టాం. ఎవరో పుణ్యాత్ములు లోపలి కోడ్‌తో సహా ఉచితంగా వదిలిన సాఫ్ట్‌వేర్ దించుకున్నాం. వీడియోని ముక్కలు చేసి అన్ని కంప్యూటర్లలోనూ దాచి, అడిగినవాళ్లకి తలో ముక్కా అందించడం దాని పని. ఒకచోట కరెంటు పోయినా ఇంకోచోటి నుంచి వస్తుంది. ఇది మన కరెంటు సంగతి తెలిసినవాళ్లే రాసుంటారనుకున్నాం. దానికి మేమూ కొంత కోడ్ చేర్చాం. వీడియోకి ఎవరైనా తమ ముక్క కలపచ్చు, అక్కర్లేనిది కోసెయ్యచ్చు. టీవీవాళ్ల కాళ్లు పట్టుకోకుండా మన వీడియోలు మనమే పంచుకుంటామని మా గొప్ప.

అందులో పెట్టిన మొదటి వీడియో అమ్మ నడక. ముగ్గురం చందాలేసుకుని కొన్న హ్యాండీకామ్ కెమెరాతో, అమ్మ వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా నడుస్తుంటే తీశాను. "చీరైనా మార్చుకోనివ్వవేంట్రా, దిక్కుమాలినోడా!" అని అమ్మ తిట్టడం కూడా పడింది. చెల్లికి ఆ తిట్టొక్కటీ చాలు.

మా ముగ్గురికీ తట్టనిది మా వైపు మర్యాద. పక్కింటి నుంచి కూర వచ్చిన గిన్నెని మావాళ్లు ఖాళీగా తిరిగి పంపరు. ఏమీ లేకపోతే రెండు అరటిపళ్లైనా వేస్తారు. వీడియోకీ అదే జరిగింది.

రాజోలాయన చూసి, ఊరికే ఉంటే బావుండదని, తను మాట్లాడిన ముక్క మొదట్లో తగిలించాడు. "అమ్మగారు బాగానే ఉన్నారండీ. మీరేం కంగారు పడకండి, ఆయ్." దాని వెనకే కొత్తపేటాయన వాళ్ల మామగారిని కూర్చోబెట్టాడు. "దేవుడున్నాడమ్మా, ధైర్యంగా ఉండాలి," అన్నారాయన. ఐ.పోలవరం నుంచి రొయ్యల చెరువు పనిమీద వచ్చిన మా దూరపు బాబాయిగారు, "మేవంతా ఉన్నాం కదమ్మా, అన్నీ చూసుకుంటాం," అని కళ్లు తుడుచుకున్నారు. ఆయన కళ్లు ఎప్పుడూ నీరు కారుతూనే ఉంటాయి. ఆ సంగతి చెల్లికి తెలీదు.

చూసి అదిరిపోయాను. "అవన్నీ కోసెయ్యండి బాబూ! కోసే వీలు మనమే పెట్టుకున్నాం కదా!" అని కొత్తపేటకి ఫోన్ చేసి అరిచాను.

"పెద్దాయన మాట కోసేస్తే ఏవనుకుంటారండీ?" అన్నాడతను.

నేనే కోసేద్దామని కూర్చున్నాను. ఈలోగా బాబాయిగారు కాఫీ గ్లాసుతో నా వెనక నిలబడి, "నాది బాగా వచ్చిందా అబ్బాయ్?" అన్నారు. "బ్రహ్మాండంగా వచ్చిందండీ," అన్నాను.

మస్కట్‌లో చెల్లి చూడటం మొదలుపెట్టింది. మా వైపు ఇంతమంది పెద్దలు వరసగా కూర్చుని కంగారు పడొద్దన్నారంటే దాని అర్థం పసిపిల్లకి కూడా తెలుసు. అది అమ్మ దాకా చూడనే లేదు. వెంటనే ఫోన్ చేసింది. "అమ్మకివ్వు!"

"అమ్మకి స్నానం చేయిస్తున్నారే," అన్నాను. నిజంగానే మా ఆవిడ చేయిస్తోంది. ఫోన్ టక్కున పెట్టేసింది. మళ్లీ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. దొరికిన విమానం ఎక్కేసింది.

మా సందు మొదట్లో ఆటో ఆగీ ఆగకముందే "అమ్మా!" అని పెద్ద ఏడుపు వినబడింది. వంటింట్లో ఉన్న అమ్మ ఆ కేక విని, గోడ సంగతే మరిచిపోయి, గరిటె పట్టుకుని వీధిలోకి విసవిసా నడిచి వచ్చేసింది. "ఎవరు పోయేరే, అలా ఏడుస్తున్నావ్?"

చెల్లి రోడ్డు మీదే కూలబడి అమ్మ కాళ్లు చుట్టేసుకుంది. నాకూ ఏడుపొచ్చింది. ఆ నడక తీద్దామని కెమెరా కోసం లోపలికి పరిగెత్తాను.

కెమెరా లేదు. చెల్లికి ధైర్యం చెప్పడంలో కపిలేశ్వరపురం పెద్దల్ని వదిలేస్తే బావుండదని కొత్తపేటాయన పొద్దున్నే పట్టుకెళ్లాడు.