గోడమీది ఇనుప పెట్టె

మా లారీ గోదావరిఖని చేరేసరికి మధ్యాహ్నం. వాన ఆగలేదు. రోడ్డు మీద పారే నీళ్లదీ బొగ్గు రంగే. నేను ఆర్మీ సిగ్నల్స్ దళంలో నాయక్‌ హోదా జవానుని, వచ్చింది వరద డ్యూటీకి. గని టెలిఫోన్ల గది మునిగిపోయింది. లోపల పంపులు నడుపుతున్నవాళ్లతో మాట్లాడే దారి లేదు. చీకటి పడేలోగా ఆ దారి వేయాలని ఆర్డరు.

గని ఆఫీసులో ఎత్తైన గోడ చూసి మా ఇనుప పెట్టె బిగించాం. ఇప్పుడు బ్యాంకుల్లో సర్వర్లు పెట్టి గోడకు తగిలించే పెట్టెలున్నాయే, వాటికి ఇది పెదనాన్న. లోపల చిన్న టెలిఫోన్ ఎక్స్‌చేంజి, దానికి కరెంటు సప్లై. కింద ఫ్యాను, పైన వేడి పోయే కంతలు. నది గట్టు మీద మా హవల్దారు వైర్‌లెస్‌తో కూర్చున్నాడు. గట్టు తెగేలా ఉంటే ఆయన నాకు చెప్పాలి, నేను గనిలోకి చెప్పించాలి. పని అంతే.

ఫోను దగ్గర గని ఆపరేటర్ గఫూర్ కాక. ఆయన కొడుకు సలీం లోపలే ఉన్నాడు, పంపు మీద. ఆ సంగతి కాక వచ్చినవాళ్లందరికీ చెప్పాడు, నాకైతే రెండుసార్లు.

మర్నాడు పొద్దున నేను జనరేటర్‌లో డీజిల్ పోయించడానికి బయటికి వెళ్లాను. అక్కడే నా భుజాన ఉన్న వైర్‌లెస్ సెట్టులో హవల్దారు పలికాడు.

"గట్టు జారుతోంది. లోపలివాళ్లను బయటికి తియ్యి. ఓవర్."

లోపలికి పరిగెత్తాను. కాక రిసీవరు పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు.

"ఫోను సచ్చిపోయింది బేటా!"

పెట్టె వైపు చూశాను. పెట్టె కనిపించలేదు, దాని మీద అంగీలు కనిపించాయి. షిఫ్టు దిగి తడిసి వచ్చినవాళ్లు ఆరేశారు. గని మనుషులకు వెచ్చటిది ఏది దొరికినా దాని మీద బట్టలారేయడం అలవాటు.

"ఎవడేసిండురా ఇవి?"

"అందరం ఏసినం సారూ, గరం గరంగున్నదని."

అన్నీ లాగి పారేశాను. తలుపు చెయ్యి కాలేంత వేడి. వేడికి సప్లై ఆగిపోయింది. కబురు చెప్పడానికి ఒకడు గనిలోకి ఉరికాడు. కానీ నడిచి పంపు దాకా చేరాలంటే అరగంట పైనే. తలుపు బార్లా తెరిచి అందరం అట్టలతో, టోపీలతో విసిరాం. ఒకాయన నోటితో ఊదబోతే తిట్టాను. స్విచ్ వేశాను. పట్టలేదు.

సెట్టులో మళ్లీ హవల్దారు. "జవాబేదీ? ఓవర్."

నాకు చెప్పలేనంత భయం వేసింది. మళ్లీ విసిరాం. మళ్లీ వేశాను. పచ్చ దీపం వెలిగింది.

ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే తండ్రీకొడుకులు, తండ్రిని 'అబ్బా' అని పిలవడం తప్ప, పక్కవాళ్లకూ తెలియాలని తెలుగులోనే మాట్లాడారు. రిసీవరులో సలీం గొంతు నాకూ వినిపిస్తోంది.

"సలీం, నీళ్లొస్తున్నయ్. అందరిని తీస్కొని జల్ది పైకి రా."

"అబ్బా, పంపు ఆపితే మునుగుతది."

"మునగనియ్‌రా! ఫోను ఆడనే పడేసి ఉరుకు!"

గట్టు తెగింది. నీళ్లు గనిని ముంచేలోగా లోపలివాళ్లంతా పైకి వచ్చారు, కబురు చెప్పబోయినవాడు కూడా. చివరగా సలీం గుమ్మంలో నిలబడ్డాడు, ఒళ్లంతా బురద.

"అబ్బా, నేనొచ్చిన."

కాక తలూపాడు, రిసీవరు దించలేదు. నేను మెల్లగా తీసుకుని చెవికి పెట్టుకున్నాను. కింద సలీం పడేసి వచ్చిన ఫోనులోంచి నీళ్లు పోటెత్తుతున్న చప్పుడు. కాసేపటికి అదీ ఆగిపోయింది.

వరద తీశాక పెట్టె విప్పుకుని లారీ ఎక్కాం. ఆ తర్వాత మంచులోనూ ఎడారిలోనూ డ్యూటీ చేసి ఇంటికొచ్చాను. ఇప్పటికీ కళ్లు మూస్తే కనిపించేది గఫూర్ కాకే. ఎదురుగా కొడుకు నిలబడి ఉన్నా, ఆ కొడుకు గొంతు కోసం ఇంకా ఫోనులో వింటున్నాడు.