మూడు ఔన్సులు ఉండాల్సిన సీసా

పోయిన నెల ఒక పొద్దున, జగిత్యాలలో నేను పనిచేసే ఆసుపత్రిలో మందుల కౌంటరు తెరుస్తుంటే కోరుట్ల నుంచి మా అన్న ఫోన్ చేశాడు. "చెల్లె, బాపు పోయిండు. చాయ తాగిండు, కుర్సీల ఒరిగిండు, గంతే" అన్నాడు.

పోయినాయన మా పెద్దబాపు. మా నాన్నకు అన్న; ఫోన్ చేసిన అన్న ఆయన కొడుకే. కోరుట్లలో పాత మనుషులకు ఆయన కాంపౌండర్. అసలు పేరు చెబితే ఎవరా అని అడుగుతారు. నేను బస్సు దిగేలోపే ఫోన్లో ఆయన ఫోటోలు మొదలయ్యాయి. ఒకాయన ‘శాంతమూర్తి’ అని రాశాడు. ఇంకొకాయన ‘చిరునవ్వు చెరగని మనిషి’ అని రాశాడు. ఆ రాసినవాళ్ళెవరూ ఆయన పక్కన పది నిమిషాలు కూర్చుని ఉండరు. పెద్దబాపు శాంతమూర్తి కానే కాదు. ఆయనకు మనుషుల్లో ముప్పాతిక మంది నచ్చేవాళ్ళు కాదు. ఆ సంగతి ముఖం మీదే చెప్పేవాడు. ఆయనంటే నాకు ఇష్టం కలగడానికి అదీ ఒక కారణం.

ఇప్పటివాళ్ళకు కాంపౌండరు పని ఏమిటో కాస్త చెప్పాలి. కంపెనీ మందులు ఇంత విరివిగా రాని రోజుల్లో, డాక్టరు చీటీ రాస్తే పొడులూ ద్రావకాలూ నీళ్ళూ కలిపి మందు తయారు చేసేది కాంపౌండరే. జబ్బుపడ్డవాళ్ళు ఇంటి నుంచి ఖాళీ సీసా తెచ్చుకునేవాళ్ళు. పెద్దబాపు దాన్ని వేడినీళ్ళతో కడిగి, ఔన్సు గ్లాసుతో కొలిచి మందు పోసి, సీసా పక్కన ఒక కాగితం పట్టీ అంటించేవాడు. పట్టీ అంచున కత్తెరతో గాట్లు కోసి ఉండేవి. ఒక గాటు నుంచి ఇంకో గాటు దాకా ఒక పూట మందు. అక్షరం రానివాళ్ళకు కూడా ఎంత తాగాలో కంటికి కనిపించేది.

గ్లాసులో మందు కొలిచేటప్పుడు ఆయన నిలబడి చూసేవాడు కాదు. గ్లాసును బల్ల మీద పెట్టి, మోకాళ్ళు వంచి, కన్నును గీతకు సరిగ్గా ఎదురుగా తెచ్చేవాడు. నాకూ అలాగే నేర్పాడు. "అంచుకు ఎక్కిన నీళ్లను సూడకు బిడ్డా. నడుమ గుంత ఏడున్నదో గది సూడు. అంచు అబద్ధం చెప్తది" అనేవాడు. ఫార్మసీ కాలేజీలో ఇదే విషయం నాకు ఒక పీరియడంతా చెప్పారు.

"జెర ఎక్కువ పొయ్యి కాంపౌండర్ సాబ్, జల్ది తగ్గాలె" అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉండేవాళ్ళు. "ఎక్కువ తాగితే జబ్బు గాదు, నువ్వు పోతవు" అనేవాడు. జెరంత, గింతంత, అందాజ అనే మాటలు వింటే ఆయన ముఖం ముడుచుకునేది. ఒక్క పెద్దమ్మ కూరలో వేసే ఉప్పుకు మాత్రం మినహాయింపు. "నీ చెయ్యి నా గ్లాసు కంటె నయం" అని ఆమెతో అనగా నేనే విన్నాను. ఆయన నోట ఎవరికైనా దొరికిన మెప్పు అదొక్కటే అనుకుంటాను.

టీవీలో ఎవరైనా ‘ఔన్సు నిజాయితీ కూడా లేదు’ అంటే ఆయనకు మండిపోయేది. "నిజాయితిని ఏ గ్లాసుల పోసి సూసిండట? ఔన్సంటే ఇరవై ఎనిమిది పాయింట్ నాలుగు మిల్లీలీటర్లు. నీళ్లకు, మందుకు. మనిషి గుణాలకు గాదు" అని టీవీ కట్టేసేవాడు. అది ఆయన చాదస్తమని మేమందరం నవ్వుకునేవాళ్ళం. దాని వెనక ఏమున్నదో నాకు చాలా ఏళ్ళు తెలియదు. ఫార్మసీలో సీటు వచ్చిన రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒకే ఒక్కసారి చెప్పాడు.

మాది వెల్గటూరు వైపు నుంచి వచ్చిన కూలి కుటుంబం. దొరల ఇళ్ళలో మా వాళ్ళకు నీళ్ళిచ్చే చెంబు వేరుగా, ప్రహరీ గోడ మీద బోర్లించి ఉండేది. మా ఇంట్లో అక్షరం నేర్చిన మొదటి మనిషి పెద్దబాపే. మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుని కోరుట్లలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేరాడు. ఆ దవాఖాన ఉన్న బంగళా రుద్రంగి దారిలోని ఒక ఊరి దొరది. ఒక రోజు దొర ఇంటివాళ్ళు మూడేళ్ళ మనవడిని దగ్గుతో తెచ్చారు. డాక్టరు మందు రాశాడు. అందులో కొంచెం మత్తు ఉంటుంది. పెద్దబాపు నాలుగు ఔన్సుల సీసా నింపి ఎనిమిది గాట్ల పట్టీ అంటించాడు. పూటకు అర ఔన్సు. "గాటు దాటనియ్యకుండ్రి" అని రెండుసార్లు చెప్పాడు.

ఆ పిల్లవాడు మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి మందు తాగాలి. చీకటి పడే వేళకు ఎంత లేపినా లేవలేదు. జీపులో కరీంనగర్ తీసుకుపోయారు. తెల్లారేసరికి కళ్ళు తెరిచాడు, బతికాడు. ఆ మధ్యాహ్నం దొర దవాఖానకు వచ్చి సీసాను బల్ల మీద పెట్టాడు.

"ఏం కలిపినవురా?" అన్నాడు.

"సార్ రాసిందే కలిపిన దొరా."

డాక్టరు పెద్దబాపును పక్కకు పిలిచాడు. "తప్పయిందని ఒక్క మాటను. గింతటితోని అయిపోతది. నేను సూసుకుంట" అన్నాడు. కలిపిన మందులో తప్పు లేదని డాక్టరుకు తెలుసు. రుచి చూశాడు, వాసన చూశాడు, చీటీ చూశాడు. అయినా ఆ మాట అన్నాడు. నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆ డాక్టరును తలచుకుంటే నా నోట్లో చేదు ఊరుతుంది. దొరలకు అధికారం అలవాటు. వాళ్ళ నుంచి నేను పెద్దగా ఏమీ ఆశించను. చదువుకున్నవాడు, మందు ఎరిగినవాడు, నిజం తెలిసి మరొకడి మెడకు చుట్టడం మాత్రం నాకు మింగుడు పడదు.

పెద్దబాపు తప్పయిందనలేదు. సీసా మూత తీసి, మిగిలిన మందును అందరి ముందు ఔన్సు గ్లాసులో పోశాడు. మోకాళ్ళు వంచి చూశాడు. "రెండు పూటలకు ఔన్సు పోవాలె. మూడు ఔన్సులు మిగలాలె. ఒక్కటే ఉన్నది. రెండు ఔన్సులు ఎక్కువ పడ్డయి" అన్నాడు.

"మా ఇంటోళ్లది తప్పంటవా?" అన్నాడు దొర.

"నేను అంటలే దొరా. గ్లాసు అంటున్నది."

డాక్టరు లేచి వచ్చి, ఆ గ్లాసును తీసుకుని మందును తొట్టిలో పారబోశాడు. కొళాయి తిప్పి కడిగేశాడు కూడా. తర్వాత, "ఔన్సు బుద్ధి ఉన్నా ఒప్పుకునేటోనివి" అన్నాడు.

"బుద్ధిని ఔన్సులల్ల కొలువరు సార్. మందును కొలుస్తరు" అన్నాడు పెద్దబాపు. ఆ దవాఖానలో ఆయన ఆఖరి మాట అది. ఆ సాయంత్రానికే రేపటి నుంచి రావద్దని కబురు వచ్చింది.

మందు తప్పు కలిపి దొర మనవడిని చంపబోయాడన్న మాట ఊరంతా తిరిగింది. కోరుట్లలో, జగిత్యాలలో ఏ దవాఖానా ఆయనను పనిలోకి తీసుకోలేదు. చివరికి సిరిసిల్లలో నూలుకు రంగులు అద్దే కార్ఖానాలో కుదిరాడు. అక్కడ అంతవరకూ రంగు చేతి అంచనాతో కలిపేవాళ్ళు. ఈ వారం ఎరుపు పోయిన వారం ఎరుపుతో కలిసేది కాదు. పెద్దబాపు ఔన్సు గ్లాసు పట్టుకుని నిలబడ్డాక, ఏడాది తేడాతో అద్దిన రెండు నూలు చిలపలు పక్కపక్కన పెట్టినా ఏది పాతదో చెప్పలేకపోయేవాళ్ళు. ముప్పై ఏళ్ళు అక్కడే చేశాడు. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం పట్టుకుంటే ఆయన గోళ్ళు నీలంగా, వేళ్ళ మడతలు ఎర్రగా కనిపించేవి. పిల్లలం నవ్వితే, "నవ్వుండ్రి. రంగు ఎక్కువైతే ఎవ్వడు సావడు" అనేవాడు. అందులో చేదు ఎంత ఉందో అప్పుడు మాకు అర్థం కాలేదు. పని మానేశాక మళ్ళీ కోరుట్లలోని ఇంటికే వచ్చాడు.

ఆయన పోయిన పదకొండో రోజున ఇంటి ముందు టెంటు వేసి ఆదరణ కూడిక, అంటే చర్చివాళ్ళ సంతాప సభ, పెట్టారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా రెండు పెద్ద కార్లు వచ్చి ఆగాయి. దిగింది ఆ దొర మనవడు. ఆనాటి మూడేళ్ళ పిల్లవాడే. ఇప్పుడు పెద్ద నాయకుడు, ఏ ఇంట్లో చావు జరిగినా పూలదండతో వాలిపోతాడు. వెంట ఎనభై దాటిన వాళ్ళ నాయనమ్మను కూడా తెచ్చాడు. అనుచరులు ఆమెకు ముందు వరుసలో మెత్తటి కుర్చీ వేశారు.

ఆయన మైకు అందుకున్నాడు. "నా చిన్నప్పుడు ఈ కాంపౌండర్ తాత చేతుల ఒక పొరపాటు జరిగింది. మందు జెర ఎక్కువైంది. నేను సచ్చి బతికిన. మా తాత పెద్ద మనసు చేసి మాఫ్ చేసిండు. ఈ తాత కూడా మా మీద ఔన్సు కోపం పెట్టుకోలే. గసుంటి మనుషులు ఇప్పుడేడున్నరు?" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. మా వాళ్ళు కూడా కొట్టారు. నేను లేవబోతే పెద్దమ్మ నా చేయి పట్టుకుంది. "ఊకో బిడ్డా. అన్న నౌకరి ఆళ్ల చేతులున్నది" అంది. అన్నకు మున్సిపల్ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి. నేను అన్న వైపు చూశాను. వాడు "చెప్పు చెల్లె" అన్నాడు.

వెళ్ళి మైకు తీసుకున్నాను. "మా పెద్దబాపుకు కోపం లేదన్న మాట తప్పు. సచ్చేదాక ఉండె. ఆయన చేతుల పొరపాటు జరగలే. ఇంట్ల మందు ఎక్కువ పోసిండ్రు. మూడు ఔన్సులు ఉండాల్సిన సీసల ఒక్కటే మిగిలింది. ఆయన అందరి ముందు కొలిచి చూపెడితే, డాక్టరు పారబోసిండు. మాఫ్ చేసుడు మీ తాత పని కాదు. మాఫీ అడిగేది ఉండె" అన్నాను.

నాయకుడు నవ్వు చెదరనీయలేదు. "అక్క దుఃఖంల ఉన్నది, కూసోబెట్టుండ్రి" అన్నాడు.

"ఆమెను అననియ్యిరా" అన్నది ముందు వరుసలోని ముసలామె. గొంతు చిన్నదే. కానీ టెంటు కింద అందరికీ వినపడింది. "నేనే పోసిన. నువ్వు దగ్గి దగ్గి ఒకటే ఏడ్సుడు. జల్ది తగ్గాలెనని గాట్లు సూడకుంట పోసిన. మీ తాతకు చెప్పిన. డాక్టరుకు గూడ తెల్సు."

నాయకుడు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మా నాయనమ్మకు వయసైంది. యాది సరిగ్గ ఉంటలేదు" అని జనానికి చెప్పాడు. తనను పెంచిన మనిషిని నలుగురిలో పిచ్చిదాన్ని చేయడానికి ఆయనకు పట్టిన సమయం అంతే. మందు తొట్టిలో పారబోసిన చేయి వేరు కావచ్చు, పని మాత్రం అదే. ఆయన మీద నాకున్న కొంచెం కోపం కూడా అప్పుడు పోయింది. కోప్పడడానికి అవతల ఒక మనిషి ఉండాలి కదా.

"యాది ఉన్నదనే అచ్చిన" అన్నదామె. అప్పటికే ఆయన వేరే కార్యక్రమం ఉందంటూ కారెక్కాడు. అనుచరులూ వెంట పోయారు. ముసలామె కోసం రెండో కారు వస్తుందని చెప్పి ఒక డ్రైవరు గేటు దగ్గర నిలబడ్డాడు.

అప్పుడు పెద్దమ్మ ఆమె దగ్గరికి వెళ్ళింది. ఏడుస్తుందేమో, చేతులు పట్టుకుంటుందేమో అనుకున్నాను. "ఆయన బతికున్నప్పుడు రాకపోతివి?" అని మాత్రం అడిగింది.

ముసలామె మీద నాకు జాలి కలగలేదని చెప్పుకోవడానికి సిగ్గుపడను. నలభై ఏళ్ళు ఒక మాటను నోట్లో దాచుకుని, వినవలసిన మనిషి మట్టిలోకి పోయాక తెచ్చి కక్కితే, దాన్ని ఏ దోసిలితో పట్టుకోవాలి? అందుకు మాకు ఖాళీ లేదు.

తర్వాతి వారం అన్నను ఆఫీసు పని నుంచి తీసి చెత్త బండి మీద వేశారు. వాడు మాత్రం "బాపు సిరిసిల్లకు పోలేదా, గట్లనే" అన్నాడు. అన్నేళ్ళలో మొదటిసారి వాడి గొంతులో నాకు పెద్దబాపు వినిపించాడు.

ఆ కూడిక రోజు సంగతి ఇంకొక్కటి ఉంది. కారు ఆలస్యమైంది. ఎండ టెంటు కిందికి వచ్చింది. దొరసాని పెదవులు తడుపుకుని, "నీళ్లియ్యి" అన్నది. ఆ ఇంటి మనుషులు మా వాడలో నీళ్ళు అడగడం ఎవరూ ఎరుగరు. పెద్దమ్మ ఇంట్లోకి వెళ్ళి స్టీలు చెంబుతో చల్లటి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆమె గటగటా తాగింది. కారు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది. పెద్దమ్మ ఆ చెంబును లోపలికి తేలేదు. కడగనూ లేదు. తీసుకెళ్ళి ప్రహరీ గోడ మీద, రోడ్డు వైపున, బోర్లించి వచ్చింది. నేను తిరిగి జగిత్యాల బస్సెక్కే వేళకు ఇంకా అది అక్కడే ఉంది. అడుగు మీద ఎండ పడి మెరుస్తోంది. వచ్చేపోయే మా వాళ్ళు దాన్ని చూసి, దానికి తగలకుండా పక్కకు జరిగి లోపలికి పోతున్నారు.