బోణీ ముక్కలు

నేను పోకర్ నేర్చుకున్నది యాభై ఆరో ఏట, హన్మకొండ చౌరస్తాలోని మా బట్టల దుకాణంలో, గల్లా పక్కన కూర్చుని. నేర్పింది మా అన్న బిడ్డ. అప్పటికి నేను మా అన్నతో మాట్లాడక ఆరేళ్లయింది. ఆయన దుకాణానికీ నా దుకాణానికీ మధ్య ఉన్నది ఒక ప్లైవుడ్ చెక్క. ఆ చెక్క వేయించింది నేనే.

ఒకప్పుడు అది ఒకటే దుకాణం, మా బాపు పెట్టినది. బాపుకు ఒక పట్టింపు ఉండేది. పొద్దున మొదట గడప ఎక్కిన మనిషి ఉత్త చేతులతో దిగిపోకూడదు. నష్టమొచ్చినా సరే, జేబురుమాలైనా సరే, బోణీ కావాల్సిందే. మా అన్న అచ్చం బాపు పోలికే. గిరాకీ మనిషి ధర అడగగానే జవాబు చెప్పడు. చీర మడత విప్పుతాడు, మళ్లీ మడత పెడతాడు, అంచు సవరిస్తాడు, అప్పుడు నోరు తెరుస్తాడు. ఆలోపు కొనేవాళ్లే తొందరపడి నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడేస్తారు. నాకు అంత ఓపిక ఎక్కడిది? నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బేరమంటే ఒళ్లు మంట. అందుకే 'ఒకే ధర, బేరం లేదు' అని బోర్డు రాయించి తెచ్చి గోడకు కొట్టాను. అన్న దాని వంక చూశాడు, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆయనకు మొదటి నుంచీ అలవాటు. నాకు అదే మండేది.

బోర్డు పెట్టిన నాలుగో రోజు పొద్దున, ధర్మసాగర్ వైపు నుంచి మొదటి బస్సుకు వచ్చిన ఒక ముసలమ్మ దుకాణమెక్కింది. ఆకుపచ్చ నూలు చీర ఒకటి ఎంచుకుని, చెప్పిన దాంట్లో సగానికి అడిగింది. అన్న విప్పాడు, మడిచాడు, సరేనన్నాడు. అసలుకు కూడా రాని ధర అది. నేను బోర్డు చూపించాను. ఆయన బోణీ కదా అన్నాడు. బోర్డు ఎందుకు పెట్టినట్టు అన్నాను. నిన్ను ఎవరు పెట్టమన్నారు అన్నాడు. ఆయన ఒకటంటే నేను రెండన్నాను, బాపు దాకా పోయాను, పోకూడని చోట్లకు పోయాను. చివరికి ఆ ముసలమ్మ చేతిలోంచి చీర లాక్కున్నాను. ఆమె కొంగు భుజం మీద వేసుకుని, మెట్లు పట్టుకుని దిగిపోయింది.

"బోణీ మనిషిని ఉత్త చేతులతోని పంపిన దుకాణంల నేను కూసోను" అన్నాడు అన్న.

"కూసోకు. నడుమ గోడ పెట్టుకుందాం" అన్నాను నేను.

గోడ అన్న మాట నా నోట్లోంచే వచ్చింది. వారంలో వడ్రంగి వచ్చాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు కదా, మా ఇంట్లో ఇద్దరం చెరో కుందేలును పట్టుకుని కూర్చున్నాం.

ఆరేళ్లు ఆ చెక్కకు ఈ పక్కన కూర్చుని ఆయన దగ్గు విన్నాను. ఛాయ్‌లో అల్లం ఎక్కువ వేయమని చెప్పడం విన్నాను. బట్ట చింపిన చప్పుడును బట్టి అది లంగా బట్టో, దిండు గలీబు బట్టో చెప్పగలిగేవాణ్ని. మొన్నటి వానల్లో ఆయన స్నానాల గదిలో జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగి లోపల రాడ్ వేశారు. ఆయన షట్టర్ దిగిపోయింది, చెక్క అవతల చప్పుడు ఆగిపోయింది.

నేను చూడటానికి పోలేదు. దవాఖానకు రేపు పోదామనుకున్నాను. రేపు వచ్చాక ఇంటికి తెచ్చాక పోదామనుకున్నాను. ఇంటికి తెచ్చాక, ఇన్ని రోజులు పోనివాణ్ని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోను అనుకున్నాను. ఒక్కొక్క రోజూ ఆ గడప కొంచెం కొంచెం ఎత్తు పెరిగింది. ఇలాగే ఇంకొన్నాళ్లు పోతే ఇక ఎక్కలేనని నాకు తెలుసు. భయమేసేది. భయమేసినప్పుడు నేను ఎవరినో ఒకరిని కసురుకుంటాను. ఆ రోజుల్లో నా కసురు పడనివాళ్లు మా బజార్లో లేరు.

అన్న బిడ్డకు మాత్రం ఆ గోడ ఎన్నడూ లేదు. ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ కొలువు చేస్తుంది. మధ్యలో తీరిక దొరికితే నా దుకాణానికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంటుంది. మీ బాపు ఎట్లున్నాడు అని నేను అడగను. అడగకముందే 'కూసుంటాండు, నడుస్తలేడు' అని గాలికి చెప్పినట్టు చెబుతుంది. ఒకరోజు నా ఫోను తీసుకుని అందులో ఏదో ఆట ఎక్కించింది.

నేను ముందు అరిచాను. పైసలు పెట్టి ఆడే ఆటలు మన దగ్గర బంద్ కదా, నన్ను ఠాణాకు పంపుతావా అన్నాను. పైసా లేదు, ఉత్త చిప్పులే, అయిపోతే వాళ్లే మళ్లీ ఇస్తారు అంది. రోజూ పొద్దున పదిన్నరకు, గిరాకీ రాకముందు అరగంట, నలుగురం ఆడదామంది. ఆమె, ఆమెతో పని చేసే ఇంకో అమ్మాయి, నేను, 'తెలిసినాయన ఒకాయన'. పేర్లు వద్దట. తనకు పాలపిట్ట, స్నేహితురాలికి పిచ్చుక, ఆ ఒకాయనకు కొంగ అని పెట్టింది. నాకు కోడిపుంజు. ఎందుకే అంటే, అద్దంలో చూసుకో అంది.

ఆట చెబుతాను, కష్టమేం కాదు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. అవి చూసుకుని ఒక విడత పందెం. తర్వాత బల్ల మీద అందరికీ కలిపి మూడు ముక్కలు తెరుస్తారు, మళ్లీ పందెం. నాలుగో ముక్క, పందెం. ఐదో ముక్క, చివరి పందెం. చేతిలోని రెండూ బల్ల మీది ఐదూ కలిపి, ఆ ఏడింట్లో ఎవరి ఐదు ముక్కలు మేలైతే వారిది ఆట. నచ్చకపోతే మధ్యలో ఎప్పుడైనా ముక్కలు పడేయొచ్చు. అంతవరకు పెట్టింది పోతుంది, అంతే.

ఇందులో లిమిట్ ఆట అని ఒకటి ఉంది. మాది అదే. మొదటి రెండు విడతల్లో పందెం రెండు చిప్పులు, తర్వాతి రెండు విడతల్లో నాలుగు. ఎదుటివాడు కాస్తే మీద పెంచొచ్చు, కానీ అంతే పెంచాలి. విడతకు మూడుసార్లు పెంచాక ఇక ఎవరూ పెంచడానికి లేదు. ఒకే ధర, బేరం లేదు. నా బోర్డు మీది మాటే ఆటగా వచ్చినట్టు నాకు భలే సంబరమైంది. లిమిట్ లేనిది కూడా ఉంటుందట, అందులో ఉన్నదంతా ఒక్కసారే ముందుకు తోసేయొచ్చట. మరి అది ఎందుకు పెట్టలేదని అడిగాను.

"నీ అసొంటోళ్లకు లిమిట్ లేని ఆట పెడితే, ఒక్క ముక్క నచ్చకపోతె దుకాణం దుకాణమే ఎత్తి బజార్ల పడేస్తవు చిన్నబాపు" అంది నవ్వుతూ.

నేనూ నవ్వాను. ఆమె పోయాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు. ఆ రోజు పొద్దున మా ఇద్దరి మధ్య కూడా ఇలాంటి కట్టుబాటు ఒకటి ఉంటే? మూడు మాటలు పెరిగాక ఇక పెంచడానికి లేదు, నోరు మూసుకుని ముక్కలు చూపించండి అనేవాడు ఒకడుంటే? నేను బాపు దాకా పోయేవాణ్ని కాదు. గోడ దాకా పోయేవాణ్ని కాదు.

ఆట మొదలయ్యాక నా సంగతి చెప్పనే అక్కర్లేదు. చేతిలో ఏమీ లేకున్నా పెంచేవాణ్ని. పైన పటారం, లోన లొటారం. ఈ ఆటలో అది సాగదు. పందెం చిన్నది కాబట్టి ఎదుటివాడు భయపడి పారిపోడు, ఇంకో నాలుగు చిప్పులే కదా అని నిదానంగా కాసి నీ ముక్కలు చూస్తాడు. కొంగ అలాగే చూసేవాడు. ముక్కలు బాగుండకపోతే మాట్లాడకుండా పడేసేవాడు, బాగుంటే కూర్చునేవాడు. ప్రతి పందేనికీ ఫోనులో ఇచ్చిన గడువంతా వాడుకుని, నా ప్రాణం తోడి, ఆఖరు క్షణంలో నొక్కేవాడు. ఎవడీ జిడ్డుగాడు అని పాలపిట్టను విసుక్కునేవాణ్ని. 'తెలిసినాయన' అనేది.

ఒక్కటే నాకు అంతుపట్టలేదు. అంత నిదానస్థుడు రోజూ మొదటి ఆటలో మాత్రం పిచ్చివాడిలా ఆడేవాడు. రోజు మొదటి ముక్కలు ఎలాంటివి పడ్డా పడేసేవాడే కాదు. చివరిదాకా కాసి, ఓడి, రెండో ఆట నుంచి మళ్లీ మనిషయ్యేవాడు. మొదటి ఆట చిప్పులు నాకు రోజూ ఉత్త పుణ్యానికి వచ్చేవి. ఆటలోనే మెసేజ్ పెట్టి వెక్కిరించేవాణ్ని కూడా. పొద్దున ఛాయ్ తాగలేదేమో కొంగకు అనేవాణ్ని.

ఇలా పది పన్నెండు రోజులు గడిచాయి. ఒక పొద్దున ఆట మొదలవుతుండగా ఒకావిడ దుకాణమెక్కి టవల్ అడిగింది. ధర చెప్పాను. కొంచెం తగ్గించమంది, బోణీ బేరమంది. నేను తలెత్తకుండా బోర్డు చూపించాను. ఆవిడ దిగిపోయింది. అప్పుడే ఫోనులో ఆట ముగిసి కొంగ ముక్కలు తెరుచుకున్నాయి. ఏడు, రెండు. అంతకంటే పనికిరాని ముక్కలు పేకలోనే లేవు. వాటిని పట్టుకుని చివరిదాకా కాశాడు.

నేను ఆ ఏడునూ రెండునూ చూశాను. మెట్లు దిగి పోతున్న ఆవిడను చూశాను. మొదటిది, ఎట్లాంటిదైనా సరే, నష్టమొచ్చినా సరే, ఉత్త చేతులతో పంపకూడదు. పేకాటలో బోణీ చూసుకునే మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉంటాడు. గడువంతా వాడుకునే ఆ ఆలస్యం కూడా అప్పుడు తెలిసింది. మడత విప్పుతున్నాడు, మడత పెడుతున్నాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పన్నెండు రోజులు మా అన్న ఎదురుగా కూర్చుని, ఆయన బోణీ మీద రోజూ గెలిచి, ఎగతాళి చేశాను. ఆరేళ్ల కింద చేసిన పనే ఫోనులో కూడా చేశాను. మిగతా ఆటలేవీ ఆడలేదు. ఫోను బోర్లా పెట్టి, ఆ చెక్క వైపు చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పదిన్నరకు మొదటి ఆట. నాకు రెండు ఏస్‌లు పడ్డాయి. మొదట చేతికి వచ్చే రెండు ముక్కల్లో అంతకు మించినవి లేవు. పాలపిట్ట, పిచ్చుక పడేశారు. నేనూ కొంగా మిగిలాం. బల్ల మీద మూడు తెరిస్తే అందులో ఇంకో ఏస్. నేను పెంచలేదు, ఉత్తగా 'చెక్' అన్నాను. అంటే పందెం లేదు, ముందుకు పో అని. కొంగ గడువంతా వాడుకుని తనూ చెక్ అన్నాడు. నాలుగో ముక్కా అంతే. ఐదో ముక్క తొమ్మిది, నన్ను గెలిచే దారి బల్ల మీద ఏదీ లేదు. ఇంకో చెక్ అంటే చాలు, పైసా ఖర్చు లేకుండా ముక్కలు తెరుచుకుంటాయి, ఆట నాది. నేను పడేసే గుర్తు నొక్కాను. ఫోను కూడా నమ్మలేదు. ఊరికే చెక్ చేయొచ్చు, నిజంగానే వదిలేస్తారా అని అడిగింది. అవునని నొక్కాను.

చిప్పులు కొంగ ముందుకు జరిగాయి. అన్ని రోజుల్లో మొదటిసారి కొంగకు బోణీ అయింది. రెండో ఆటకు ముక్కలు పంచారు. కొంగ కదల్లేదు. గడువు అయిపోయింది, అయినా కదల్లేదు.

నేను షట్టర్ దించాను. పొద్దున పదకొండు కాకముందు దుకాణం మూయడం చూసి పక్క పాత్రల దుకాణమాయన ఎవరైనా పోయారా అని అడిగాడు. ఎవరూ పోలేదన్నాను. కసురుకోలేదు.

అన్న ఇంటి తలుపు వదిన తీసింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. చెంబుతో నీళ్లిచ్చి, ఆయన మొదటి దినమే నిన్ను గుర్తుపట్టాడని మెల్లగా చెప్పింది. మీ చిన్నబాపు పెంచినట్టు ఇంకెవరు పెంచుతరని బిడ్డతో అన్నాడట. గెలిచే ముక్కలున్నప్పుడు కూడా కొన్నిసార్లు పడేసేవాడట, నేను అలిగి ఆట మానేస్తానని. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆయన మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. సన్నబడ్డాడు. గడ్డం తెల్లగా పెరిగింది. ఫోను ఇంకా చేతిలోనే ఉంది. నేను గడప దగ్గరే నిలబడ్డాను. ఆయన తలెత్తలేదు. ఒళ్లో ఉన్న దుప్పటి అంచు విప్పాడు, మడిచాడు.

"ఏముండె నీ చేతుల?" అన్నాడు.

"ఏం లేకుండె అన్నా."

"అబద్ధం. ఏం లేనప్పుడే నువ్వు గట్టిగ ఒర్లుతవు."

ఆ ముసలమ్మ చీర గురించి చెప్పాలనుకున్నాను. అది ఇవాళ్టికీ నా దుకాణం కింది అరలోనే ఉందని, అమ్మబుద్ధి కాలేదని చెప్పాలనుకున్నాను. ఒక్క ముక్కా నోటికి రాలేదు. అన్న అప్పుడు తల ఎత్తి నన్ను చూశాడు. నొప్పికి పళ్లు బిగించి, రెండు చేతులతో కాలును పట్టుకుని జరుపుకుని, మంచం మీద నాకు చోటు చేశాడు.

"బోణీ చేసి పోతాన్నవా, కూసుంటవా?" అన్నాడు.

కూర్చున్నాను.