పీచు పిట్టలు అమ్మిన రోజులు

తొంభైల చివర్లో అమలాపురంలో డిగ్రీ చదువుతున్నప్పుడు, మా క్లాసు అమ్మాయిలం కొందరం కలిసి కొబ్బరి పీచుతో పిట్టలు, చిప్పలతో దీపాలు చేసి అమ్మేవాళ్లం. వచ్చిన డబ్బుతో, పీచు పనికి వెళ్లేవాళ్ల పిల్లల్ని హైస్కూలుకి పంపేవాళ్లం. సాయంత్రాలు కాలేజీ వరండాలో కూర్చుని, వేళ్లు ఒరుసుకుపోయేదాకా చిప్పలకి గరుకు కాగితం పట్టేవాళ్లం.

మేం మొదట చేర్పించిన పిల్ల అంబాజీపేట దగ్గర తాళ్లు పేనే ఒకావిడ పెద్దకూతురు. తండ్రి కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడి చనిపోయాడు. ఐదు పాసయ్యాక, బస్సు ఛార్జీల్లేక ఆ పిల్ల ఇంట్లోనే ఉండిపోయింది. బడిలో చేరాక ప్రతి ఆదివారం మా దగ్గరికి వచ్చేది. మేం పిట్టలకి రెక్కలు కుడుతుంటే ఎదురుగా నిలబడి, టీచరుగారిలా చేతులు వెనక్కి కట్టుకుని, ఆ వారం పాఠాలన్నీ మాకు చెప్పేది. మధ్యలో ఆగి ప్రశ్నలు వేసేది. మాకు జవాబు తెలియకపోతే తెగ సంబరపడిపోయేది.

తను ఏడులో ఉండగా అంతర్వేది తీర్థంలో బల్ల పెట్టాం. సరుకంతా అమ్ముడైపోయింది. ఆ సంతోషంలో తనకోసం ఒక అట్లాసు కొని వాళ్లింటికి వెళ్తే, తలుపుకి తాళం. తల్లి ఏజెంటు ద్వారా కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిపోయిందనీ, పిల్లలిద్దరూ రాజోలు దగ్గర అమ్మమ్మ ఇంట్లో ఉన్నారనీ పక్కింటావిడ చెప్పింది.

అక్కడికీ వెళ్లాం. పిల్ల చెల్లెలికి నీళ్లు పోస్తోంది. చెల్లెలికి మూడేళ్లు. అమ్మమ్మ మంచం దిగలేదు. మాలో బాగా మాట్లాడగల స్నేహితురాలు, హాస్టల్లో సీటు ఇప్పిస్తామని ఆవిడని ఎంతో బతిమాలింది.

"ఆయ్, చదువు మంచిదేనండి. నాకు కాళ్లాడవు. ఈ చంటిదాన్నెవరు చూస్తారండీ?" అందావిడ.

మూడేళ్ల పిల్లని ఏ హాస్టలూ చేర్చుకోదు.

"నా బదులు ఇంకో పిల్లని చేర్చండక్కా. బాగా చదివేది ఒకత్తుంది, పేరు చెప్తాను," అంది ఆ పిల్ల. తర్వాత అట్లాసు తెరిచి, "మా అమ్మున్న ఊరు ఇందులో ఉంటదా అక్కా?" అని అడిగింది.

చూపించాను. అక్కడ తన వేలు పెట్టి చూసుకుంది. చెల్లెలి తడివేలు కూడా పట్టుకుని అక్కడే పెట్టించింది.

తిరిగొచ్చాక, తను చెప్పిన పిల్లనే బడిలో చేర్చాం. ఆ అమ్మాయి చక్కగా చదువుకుంది. డిగ్రీ అయ్యాక పెళ్లిళ్లనీ ఉద్యోగాలనీ తలోదిక్కూ అయిపోయాం. ఆ వరండాలో మళ్లీ ఎవరూ కూర్చోలేదు.

కొన్నేళ్లకి, ఒక పెళ్లికి వెళ్తూ రాజోలు బస్టాండులో దిగితే, "బాగున్నారా అక్కా?" అని ఎవరో పలకరించారు. తనే. పెద్ద బ్యాగు పక్కన నిలబడి ఉంది. తల్లి ఆరోగ్యం చెడి తిరిగొచ్చేసిందట. ఆవిడ స్థానంలో తను కువైట్ వెళ్తోంది.

చెల్లి ఎలా ఉందని అడిగాను.

"ఏడో తరగతండి. క్లాసు ఫస్టొచ్చిందండి," అంది. ఆ ఒక్కమాటకి ముఖం వెలిగింది. "ఏమొచ్చినా సరే, దాన్ని బడి మాన్పించొద్దని అమ్మకి మరీమరీ చెప్పొచ్చేనండి."

హైదరాబాదు బస్సు వచ్చింది. బ్యాగు పైకి అందించాను. కిటికీలోంచి, ఎండలో నిలబడొద్దని నాకే చెప్పింది. బస్సు వెళ్లిపోయాక పెళ్లికి వెళ్లబుద్ధి కాలేదు. ఇంటికొచ్చేశాను. ఎందుకు వచ్చేశావని మావాళ్లు అడిగితే, తలనొప్పిగా ఉందన్నాను.