ఖాసీమన్న పరపతి

కొత్త గుడ్డ మడత విప్పగానే వచ్చే గంజి వాసన నాకు పడదు. బతుకంతా ఆ వాసనలోనే గడిచినా పడదు. మొన్న మనవరాలి లంగాకని తెచ్చిన చీటీగుడ్డను మా ఆవిడ మంచం మీద పరిస్తే, లేచి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. "ఆయనకు మళ్ళీ కొట్టు గుర్తొచ్చినట్టుండాది" అంది లోపలి నుంచి. కొట్టు కాదు, ఖాసీమన్న గుర్తొచ్చాడు.

పామిడిలో ఖాసీమన్న గుడ్డల కొట్టులో నేను గుమాస్తాను. చుట్టుపక్కల రైతులు పండగలకూ పెళ్ళిళ్ళకూ గుడ్డలు అరువు తీసుకుపోయి, వేరుశనక్కాయలు అమ్మాక డబ్బు తెచ్చిచ్చేవారు. యాభైల్లో వానలు వరసగా మొహం చాటేశాయి. రైతులే ఎద్దుల్ని అమ్ముకొని గంజి కేంద్రాల ముందు నిలబడితే, వాళ్ళ దగ్గర రాబట్టుకునేదేముంది? ఖాసీమన్న ఎవరి గడపా తొక్కలేదు. గుత్తిలో మాకు సరుకిచ్చే టోకు వర్తకుడు రామయ్య శెట్టికి మాత్రం బాకీ పెరిగిపోయింది. చివరికి ప్లీడరు మాట విని ఖాసీమన్న కోర్టులో ఐపీ పెట్టాడు. మనిషి దివాలా తీశాడని కోర్టు ఒప్పుకుంటే ఇక బాకీ అడిగేవాడుండడు. చట్టం వదిలేసింది గానీ ఊరు వదల్లేదు. కొట్టు పోయింది, ఇల్లు పోయింది, పేరుకు ముందు ఒక బిరుదు మాత్రం మిగిలింది. అందరూ 'ఐపీ ఖాసీం' అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. "ఉన్న మాటే గదప్పా అంటాండేది" అని ఆయనే నన్ను సముదాయించేవాడు.

తర్వాత మూట భుజానికెత్తుకొని పల్లెలు తిరగడం మొదలుపెట్టాడు. నాకూ వేరే పని దొరక్క రెండో మూట ఎత్తుకున్నాను. సరుకు కోసం గుత్తికి, ఆ శెట్టి దగ్గరికే పోయేవాళ్ళం. టోకు కొట్లలో ఒక పద్ధతి ఉండేది. మాట మీద సరుకు తీసుకునేవాడు చెప్పులు విడిచి, తెల్లదుప్పటి పరిచిన పరుపెక్కి కూర్చుంటాడు. రొక్కానికి కొనేవాడు గడప దగ్గర నిలబడతాడు. ఒకప్పుడు ఆ పరుపు మీద కాళ్ళు బారజాపుకొని టీ తాగిన మనిషి ఇప్పుడు చెప్పులు కూడా విడవకుండా గడప దగ్గరే ఉండిపోయేవాడు. శెట్టి చూసీ చూడనట్టు ఉండేవాడు. ఖాసీమన్న సరుకుకు రొక్కమిచ్చి, పాత బాకీ కింద ఇంకాస్త పెట్టి వచ్చేవాడు.

ఒకసారి తిరుగుదారిలో ఉండబట్టలేక అడిగాను. "కోర్టు కొట్టేసిన బాకీ ఎందుకన్నా కడతాండావు? మన కడుపే నిండకపాయె."

"కోర్టు కొట్టేసింది బాకీనప్పా. నా మాటను యాడ నిలబెట్టింది? శెట్టి నన్ను మళ్ళా ఒక్కసారి ఎక్కి కూచోమనల్ల. సచ్చేలోపల అది సూడల్ల" అన్నాడు.

ఏళ్ళు గడిచాయి. అరవైల్లో ఒకరోజు ఆ బాకీ పూర్తిగా తీరింది. శెట్టి డబ్బు పక్కన పెట్టి, తలెత్తి చూశాడు. "ఏం ఖాసీం, ఆడే నిలబడితివే. ఎక్కి కూచో. ఎంత సరుకు గావల్లో ఎత్తుకొని పో. కాయలు అమ్మినంక ఇద్దువులే."

ఖాసీమన్న చెప్పులు విడిచి, వెళ్ళి కూర్చున్నాడు. దుప్పటిని అరచేత్తో మెల్లగా నిమిరాడు. నేను సంబరంగా తానులు ఏరబోతే చెయ్యి పట్టుకొని ఆపాడు.

"వద్దు శెట్టిగారూ. ఈ యేడు గూడా వాన ల్యాదు. రైతులు నాకియ్యల్యారు, నేను మీకియ్యల్యాను. మళ్ళా మాట పోగొట్టుకోను."

శెట్టి టీ తెప్పించాడు. ఇన్నేళ్ళు మూటలు మోసింది దీనికా అని నాకు కోపమొచ్చింది. దారంతా ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం పెళ్ళికి పోయొచ్చిన మనిషిలా హుషారుగా నడిచాడు.

మరుసటి వేసవి ఆయన దాటలేదు. దగ్గుతో మంచం పట్టి, మూట ఇంటి మూలన ఉండగానే పోయాడు. ఆ తర్వాత మంచి వానలు పడ్డాయి. చిన్న కొట్టు పెట్టుకుందామని, చేతిలో చిల్లిగవ్వ లేకుండా గుత్తికి పోయాను. "ఖాసీం మనిషివి గదప్పా" అని శెట్టి పూచీగానీ పత్రంగానీ అడగకుండా బండెడు సరుకు పంపించాడు. దాంతోనే నిలబడ్డాను, పిల్లల్ని చదివించుకున్నాను. కడుపు మాడ్చుకొని ఆయన సంపాదించిన పరపతి అది. ఒక్క తాను గుడ్డకైనా ఆయన దాన్ని వాడుకోలేదు. తిన్నదంతా నేనే.