ముత్యం చప్పుడు చేయని రోజు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిది కాదు. అందులోనూ నైట్ షిఫ్టు వారంలో నిద్ర చెడిందా, మా సెంటినరీ కాలనీలో నాకంటే పాపిష్టివాడు ఉండడు. నా పేరు ఉపేందర్. బొగ్గుబాయిలో హాలేజీ నడుపుతాను. అంటే, భూమి లోపల బొగ్గు తొట్లను తాడుతో లాగే యంత్రం. సిగ్నల్ ఒకటి వస్తే ఆపాలి, రెండొస్తే దించాలి. నేను కునుకు తీస్తే అవతల ఎవడి కాలో పోతుంది. అందుకే పగటి నిద్ర నాకు అన్నంతో సమానం.

ఇది నా కథ కాదు, చెట్ల ముత్యం కథ. నా కోపం లేకపోతే ఈ కథే లేదు కాబట్టి ముందు అది చెప్పాను.

క్వార్టర్ల మధ్య పెరిగిన చెట్లు కొట్టడం ముత్యం పని. గొడ్డలి పట్టిన ప్రతివాడూ చెట్టు కొడతాడు, అందులో గొప్పేముంది? ఇంటి మీదికి వాలిన కొమ్మను కింద రేకు పగలకుండా, పక్కన కరెంటు తీగ తెగకుండా, పెరట్లో జామమొక్క నలగకుండా దించాలంటే విద్య కావాలి. ముత్యానికి సెలవుల్లేవు, కంపెనీ దవాఖాన కార్డు లేదు, కష్టం చెప్పుకోవడానికి పైన ఒక సారూ లేడు. కొండచీమలు కుడుతున్నా లైన్‌మన్ వచ్చి కరెంటు ఆపేదాకా కొమ్మ మీదే కూర్చుంటాడు. గూట్లో కాకిపిల్లలుంటే అవి ఎగిరిపోయేదాకా ఆ చెట్టు ముట్టడు. "వాటికి గూడ అది క్వార్టరే గదనే" అంటాడు. భార్య సారక్క కింద నిలబడి తాడు పడుతుంది. ఆమె పట్టు మీద ఉన్నంత నమ్మకం అతనికి దేవుడి మీద కూడా లేదు.

వీటన్నిటినీ మించిన చిక్కు షిఫ్టులు. ఈ కాలనీలో ఏ పొద్దున చూసినా ఏదో ఒక ఇంట్లో ఒక మనిషి నిద్రపోతుంటాడు. ఎవరిది ఏ షిఫ్టో ముత్యం నోటికి చెబుతాడు. పోయినేడు మాత్రం ఒక్కసారి పొరబడ్డాడు. సోమవారం షిఫ్టులు మారతాయి కదా, అతను పాత వారమే తలలో పెట్టుకుని, నేను ఫస్ట్ షిఫ్టుకు పోయాననుకుని, సరిగ్గా నా కిటికీ కింద మిషను రంపం స్టార్ట్ చేశాడు.

కాలనీ పక్కనే ఉన్న ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం రోజూ మధ్యాహ్నం బాంబులు పేలుస్తారు. ఇంట్లో గిన్నెలు గలగలమన్నా నాకు మెలకువ రాదు, అలవాటైపోయింది. ఆ రంపానికి మాత్రం మంచం మీంచి ఎగిరిపడ్డాను. లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చాను.

"ఏందిరా, ఇవి మనుషులుండే ఇండ్లా, కట్టెల అడితి అనుకున్నవా? మల్ల మా లైన్ల కనవడితె సూడు" అన్నాను. ఇంకా అన్నాను కానీ అవి రాసేవి కావు. ముత్యం మిషను భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మా లైన్లో ఇరవైనాలుగు క్వార్టర్లు. నా నోటికి జడిసి ఏడాదిపాటు అతన్ని ఎవరూ పిలవలేదు.

ఈ మే నెలలో గాలిదుమారానికి మా పెరట్లో తురాయిచెట్టు పెద్దకొమ్మ పగులు బారింది. సరిగ్గా మా వెనకగది రేకుల మీదికి వాలింది. నా భార్య సంతోషి నాతో ఒక్క ముక్క అనకుండా ముత్యానికి కబురు పెట్టింది. నాది నైట్ షిఫ్టు వారం. డ్యూటీ దిగి వచ్చేసరికి ముందుగదిలో పక్క వేసి ఉంది.

"ఎనుక రూంల ఫ్యాను కొట్టుకుంటున్నది. ఈడ్నే పండు" అంది. పడుకున్నాను.

పన్నెండింటికి దాహమేసి లేచాను. వెనక నుంచి గుసగుసలు. కిటికీ సందులోంచి చూస్తే చెట్టు మీద ముత్యం.

"వదినా, మాట యాదికున్నదా? అన్న లేవకుంట కొమ్మ దిగితె మీ లైను మల్ల నాది" అంటున్నాడు.

"యాదికున్నది. ఆయన లేస్తె మటుకు నేనేం చెయ్యలేను" అంది సంతోషి.

ఒళ్లు మండింది. నా పెళ్లాం, నా పెరడు, నా నిద్ర మీద బేరమా? తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడు చూశాను, మిషను లేదు. చేతిరంపానికి నూనె రాసి కోస్తున్నాడు. కోసిన ప్రతి ముక్కకూ గోనెసంచి చుట్టి తాడుతో దించుతున్నాడు. తాడు ఒకసారి కదిలింది, సారక్క ఆపింది. రెండుసార్లు కదిలింది, మెల్లగా దించింది. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. అవి మా బాయి సిగ్నళ్లు. ముత్యం నాయన హాలేజీ దగ్గరే పనిచేసి రిటైరయ్యాడని అప్పుడు గుర్తొచ్చింది. నాకు సిగ్గేసింది. నీళ్లు కూడా తాగకుండా పోయి పడుకున్నాను.

నిద్ర ఎక్కడిది? లేచి వెళ్లి "లైను నీదే పోరా" అనొచ్చు. అంటే అది నా దయ అవుతుంది. ఆ లైను అతను పనితో గెలుచుకోవాలి. కళ్లు మూసుకుని చెవులు అక్కడే పెట్టాను.

రెండు దాటాక మాను దగ్గరి మొద్దు మిగిలింది. "గిది తాడుకు ఆగది. బాంబు టైముకు ఇడుద్దం, ఆ సప్పుడుల కలుస్తది" అన్నాడు ముత్యం. సగానికి పైగా కోసి ఆగాడు. బాంబుకు ముందు కొట్టే సైరను మోగింది. బాంబు మాత్రం పేలదు. పది నిమిషాలైంది. మబ్బు పట్టింది, గాలి లేచింది, మొద్దు కిర్రుమంటోంది.

"వదినా, అన్నను లేపు, బయటికి తోల్కరా" అన్నాడు ముత్యం.

"మరి లైనో?"

"పోతె పోనియ్. గాలి మల్లితె ఇది ఇంటి మీద పడ్తది. మనిషి కంటె లైను ఎక్కువనా?"

సంతోషి అడుగులు నా గది గుమ్మం దాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడే రంపప్పొట్టు నా ముక్కులో దూరింది. తలగడ కొరికి పట్టుకున్నాను. ఇక ఆగదనుకున్న క్షణాన బాంబు పేలింది. గిన్నెలు గలగలమన్నాయి, పెరట్లో ముత్యం వదిలిన మొద్దు ధబ్బున పడింది, నా తుమ్ము కూడా ఆ చప్పుడులోనే బయటపడింది.

మూడింటికి ఆవులిస్తూ పెరట్లోకి వెళ్లాను. ముత్యం అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. పరీక్ష రాసినవాడిలా నిలబడ్డాడు.

"అన్నా, నిద్ర మంచిగ పట్టిందా?"

"సచ్చినట్టు పన్న. ఏంది, పెరట్ల గింత ఎలుగున్నది?"

సారక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముత్యం పకపకా నవ్వాడు. ఆ రోజు అతను చేసిన మొదటి చప్పుడు అదే.

మూడు గంటల నిద్రతో హాలేజీ ముందు కూర్చోకూడదు. కడుపునొప్పని చెప్పి ఆ రాత్రి డ్యూటీకి నాగా పెట్టాను. సంతోషి అన్నం వడ్డిస్తూ నా మొహం చూసింది.

"కడుపునొప్పా? పన్నెండింటికెల్లి నీ గురక వినవడలే. బాంబుతోని తుమ్మింది గూడ కడుపేనా?"

తల వంచుకుని ముద్ద కలిపాను. "ముత్యంకు చెప్పకు" అన్నాను.

"నేనెందుకు చెప్త" అని ఇంకో గంటెడు పప్పు వేసింది.